వెంట్రుకవాసి జరిగితే ఏడంగుళాల గురి తప్పు
వేట రైఫిల్ మీద స్కోపు బిగించడం: అంకెల్లో

మనిషి తలవెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. వేట రైఫిల్ మీద స్కోపును పట్టి ఉంచే రెండు రింగుల మధ్య ఎడం మామూలుగా 4 అంగుళాలు. ఆ రెంటిలో ఒక రింగు దగ్గర స్కోపు వెంట్రుకవాసి పక్కకు జరిగిందనుకుందాం. 100 గజాల దూరంలో తూటా రెండున్నర అంగుళాలు పక్కన పడుతుంది. 300 గజాలకు ఆ తేడా దాదాపు ఏడున్నర అంగుళాలు అవుతుంది.

అమెరికాలో రైఫిల్‌తో వేటకు వెళ్లేవారిలో ఎక్కువమంది గురి తెల్లతోక జింక. దాని ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 8 అంగుళాల వృత్తం. నడిమికి గురిపెట్టిన వేటగాడికి ఏ పక్కకైనా దొరికే వెసులుబాటు 4 అంగుళాలే. ఏడున్నర అంగుళాలు తప్పితే జింక తప్పించుకుపోవచ్చు. లేదంటే కడుపులోనో కాలిలోనో తూటాతో పరుగెత్తి, ఎక్కడో పొదల్లో గంటల తరబడి యాతనపడి చావవచ్చు. మొదటిది వేటగాడి దురదృష్టం, రెండోది అతని నేరం.

టెక్సస్‌లో జింకల సాధారణ వేట సీజన్ ఏటా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. గురి కుదరనివాళ్లు ముందుగా తిట్టేది స్కోపును, ఆ తర్వాత తూటాలను. తప్పు చాలాసార్లు ఆ రెంటిలోనూ ఉండదు. వందల డాలర్ల అద్దాలను పట్టి ఉంచే చిన్న స్క్రూల దగ్గర ఉంటుంది. స్కోపు బిగించే పనంతా ఆ వెంట్రుకవాసి కదలికను ఆపడానికే. దానికి ఏ అంకె ఎంత ముఖ్యమో, దేని గురించి అనవసరంగా బెంగపడుతున్నామో లెక్కవేసి చూద్దాం.

ఉదాహరణకు అందరికీ తెలిసిన జోడీనే తీసుకుందాం. .308 వించెస్టర్ తూటా పేల్చే బోల్ట్ రైఫిల్, దాని మీద 3-9×40 స్కోపు. అంటే దృశ్యాన్ని 3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం వ్యాసం 40 మి.మీ. ఉన్నది. స్కోపు గొట్టం మందం 1 అంగుళం, అంటే 25.4 మి.మీ. కొన్నిటికి 30 మి.మీ., దూరపు గురి కోసం చేసిన పెద్దవాటికి 34 మి.మీ. ఉంటుంది. గొట్టం ఎంత మందమో రింగు అంతే ఉండాలి. 25.4 మి.మీ. గొట్టానికి 30 మి.మీ. రింగు ఏ స్క్రూ బిగించినా పట్టదు.

ఒక్కో తూటాకు 80 కిలోల లాగుడు

.308లో 150 గ్రెయిన్ల తూటా, అంటే 9.7 గ్రాముల సీసం-రాగి ముక్క, సెకనుకు సుమారు 2,820 అడుగుల వేగంతో బయటికి వస్తుంది. ముందుకు పోయే తూటా, దాని వెనకే వచ్చే వాయువులు రైఫిల్‌ను వెనక్కి తంతాయి. స్కోపుతో కలిపి 8 పౌండ్లు, అంటే 3.6 కిలోలు ఉన్న రైఫిల్, తూటా రైఫిల్ గొట్టం దాటే లోపే సెకనుకు రెండున్నర మీటర్లకు మించిన వేగం అందుకుంటుంది. దానికి పట్టే సమయం సెకనులో సుమారు వెయ్యో వంతు.

రైఫిల్ వెనక్కి పోతుంటే స్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. దాన్ని రైఫిల్‌తోపాటు వెనక్కి లాక్కెళ్లవలసింది రింగులే. 350 గ్రాముల స్కోపుకు పై వేగం అంత తక్కువ సమయంలో ఇవ్వాలంటే కావలసిన బలం సుమారు 80 కిలోల బరువుతో సమానం. ఆ లాగుడు ఒక్కసారితో పోదు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఉంటుంది. .30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల తూటా వేస్తే ఇంకాస్త ఎక్కువ.

రింగులు చేత్తో కదిపి చూస్తే గట్టిగానే ఉన్నాయని సంబరపడేవారు గుర్తుంచుకోవలసిన అంకె ఈ 80. చేతికి కదలనిది తూటాకు కదలవచ్చు.

పునాది: 3.5 మి.మీ. స్క్రూలు

పని మొదలుపెట్టే ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. మ్యాగజైన్ తీసి, బోల్ట్ బయటికి లాగి, తూటా కూర్చునే గదిని కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడాలి. తూటాలన్నీ వేరే గదిలో ఉండాలి.

రైఫిల్ పైభాగంలో ముందే వేసి ఉన్న రంధ్రాలకు, రింగులు కూర్చునే ఆధారమైన బేసును బిగిస్తారు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700కు, దాని బాటలో వచ్చిన చాలా రైఫిళ్లకు ఈ రంధ్రాల కొలత 6-48. స్క్రూ మందం 0.138 అంగుళం, అంటే 3.5 మి.మీ.; అంగుళానికి 48 మరలు. మొత్తం స్కోపు భారం మోసేది అలాంటి నాలుగు స్క్రూలు.

కొత్త స్క్రూలకు, రంధ్రాలకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో పూర్తిగా తుడవాలి. తర్వాత బేసును ముందు స్క్రూలతో మాత్రమే బిగించి వెనక భాగం చూడాలి. అక్కడ సందు కనిపిస్తే బేసూ రైఫిలూ ఒకదానికొకటి సరిపోలేదని అర్థం. ఆ సందును స్క్రూ బలంతో మూసేస్తే బేస్ విల్లులా వంగుతుంది. ఆ వంపు స్కోపు గొట్టానికి చేరుతుంది. వెనక భాగం కింద పల్చటి రేకు వేసి ఎత్తు సరిచేయాలి, లేదా గన్‌స్మిత్ దగ్గర ఎపాక్సీతో కూర్చోబెట్టించాలి.

ఇక్కడే ఇంకో చిక్కు. అన్నిటికన్నా ముందున్న స్క్రూ పొడవు ఎక్కువైతే దాని కొస లోపలికి దిగి, గొట్టం మరలకో బోల్ట్ చెవులకో తగులుతుంది. బేస్ బిగించాక బోల్ట్ పెట్టి ఆడించాలి. ముందు లేని పట్టు ఇప్పుడు వస్తే ఆ స్క్రూ పొట్టిది కావాలి. అంతా కుదిరాక స్క్రూకు ఒక్క చుక్క నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. 6-48 స్క్రూలకు చాలామంది తయారీదారులు చెప్పేది 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లు. మీ బేసుతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే ఆ కాగితం మాటే వినాలి.

బేసుల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. 1930లో స్కోపుల తయారీ మొదలుపెట్టి, 1933లో కంపెనీని టెక్సస్‌లోని ఎల్ పాసోకు తరలించిన విలియం వీవర్ పేరుతో ఉన్నది ఒకటి. అమెరికా సైన్యం 1995లో ప్రమాణంగా ఖరారు చేసిన పికటినీ రైలు రెండోది. చూపుకు రెండూ ఒకటే. వీవర్ గాడి వెడల్పు 0.180 అంగుళం, పికటినీ గాడి వెడల్పు 0.206 అంగుళం. పికటినీలో గాడుల మధ్య దూరం అన్నిచోట్లా 0.394 అంగుళమే, వీవర్‌లో అలా నియమం లేదు. అందుకే వీవర్ రింగు పికటినీ మీద కూర్చుంటుంది గానీ, పికటినీ రింగు అడ్డకడ్డీ వీవర్ గాడిలో పట్టదు.

వీవర్ రింగు పికటినీ గాడిలో కూర్చున్నప్పుడు 0.026 అంగుళం, అంటే 0.66 మి.మీ. దాకా ఖాళీ మిగులుతుంది. దాదాపు తొమ్మిది వెంట్రుకల మందం. కొలత సరిపోయిన రింగుకూ కొంత ఖాళీ ఉండనే ఉంటుంది. రింగును గాడిలో పెట్టి, గొట్టం మూతి వైపుకు పూర్తిగా నెట్టి, అలా పట్టుకునే బిగించాలి. తన్ను వచ్చినప్పుడు రైఫిల్‌తో పోలిస్తే స్కోపు జరగాలని చూసేది ముందుకే కాబట్టి, ముందుగోడకు ఆనుకున్న రింగు ఇక జరగడానికి చోటు ఉండదు. ఖాళీ వదిలేస్తే మొదటి రెండు మూడు తూటాలే దాన్ని ముందుకు జరుపుతాయి, గురి మారిపోతుంది.

ఎత్తు: 40 మి.మీ. అద్దానికి ఎంత రింగు?

రింగులు తక్కువ, మధ్య, ఎక్కువ ఎత్తుల్లో దొరుకుతాయి. ఎంపికకు చిన్న కూడిక చాలు. 40 మి.మీ. అద్దం చుట్టూ ఉన్న లోహంతో కలిపి స్కోపు మూతి వ్యాసం సుమారు 47 మి.మీ. అందులో సగం 23.5. దాని కింద రైఫిల్ గొట్టం వ్యాసం 28 మి.మీ. అయితే అందులో సగం 14. మధ్యలో 2 మి.మీ. ఖాళీ. కూడితే 39.5 మి.మీ. స్కోపు నడిమి గీత, గొట్టం నడిమి గీతకు ఇంత ఎత్తున ఉంటే చాలు. అంగుళాల్లో 1.55.

ఇంతకన్నా ఎత్తు పెంచితే లాభం లేదు. చెంప రైఫిల్ కర్రకు ఆనకుండా గాలిలో తేలుతుంది. చెంప ఒక్కోసారి ఒక్కోచోట ఆనితే కన్నూ ఒక్కోచోట ఉంటుంది. అలాగని స్కోపు మూతి గొట్టానికి తగలకూడదు. పేల్చినప్పుడు గొట్టం కంపిస్తుంది, ఆ దెబ్బ నేరుగా స్కోపుకు తగులుతుంది.

కన్ను: 9 సెంటీమీటర్ల దూరం, 4.4 మి.మీ. వెలుగు

వేట స్కోపుల్లో వెనక అద్దానికి, కంటికి ఉండాల్సిన దూరం సుమారు మూడున్నర అంగుళాలు, అంటే 9 సెం.మీ. ఇంతకన్నా దగ్గరైతే రైఫిల్ తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమకు తగిలి నెత్తురు చిమ్ముతుంది. దూరమైతే చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది.

ఈ దూరం ఎప్పుడూ 9 రెట్ల మీదే సరిచూడాలి. స్కోపు నుంచి కంటికి వచ్చే వెలుగు వలయం వ్యాసం, ముందు అద్దం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే వస్తుంది. 3 రెట్ల మీద 40/3, అంటే 13.3 మి.మీ.; కన్ను అటూఇటూ ఉన్నా చిత్రం కనిపిస్తుంది. 9 రెట్ల మీద 40/9, అంటే 4.4 మి.మీ. మాత్రమే, కన్ను కాస్త పక్కకు జరిగినా నలుపు కమ్మేస్తుంది. కష్టమైన చోట కుదిరితే సులువైన చోట దానంతటదే కుదురుతుంది.

రింగుల మూతలు వదులుగా ఉంచి, కళ్లు మూసుకుని రైఫిల్‌ను మామూలుగా భుజానికి ఎత్తుకోండి. చెంప ఆనాక కళ్లు తెరవండి. మెడ సాచకుండా, వంచకుండా నిండు వృత్తం కనిపించే దాకా స్కోపును ముందుకూ వెనక్కూ జరపండి. వేటకు వేసుకునే మందపు కోటు వేసుకుని మరీ చూడాలి. టీ షర్టుకు కుదిరిన దూరం కోటుకు కుదరదు.

ఈ వెలుగు లెక్క సాయంత్రం మళ్లీ అక్కరకొస్తుంది. టెక్సస్‌లో జింకల వేటకు చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. మసక వెలుతురులో కంటిపాప విచ్చుకుంటుంది. వయసులో ఉన్నవారికి 7 మి.మీ. దాకా. అప్పుడు 9 రెట్ల మీద వచ్చే 4.4 మి.మీ. వెలుగు చాలదు. 6 రెట్లకు తగ్గిస్తే 6.7 మి.మీ. అందుతుంది. కొత్త స్కోపు కొనక్కర్లేదు, స్కోపు మీద రెట్లు మార్చే రింగు తిప్పితే చాలు.

కన్ను సరైన చోట లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. చాలా వేట స్కోపులను, లోపల కనిపించే అడ్డం-నిలువు గీతలూ గురీ ఒకే తలంలో కనిపించేలా 100 లేదా 150 గజాలకు సర్ది అమ్ముతారు. మిగతా దూరాల్లో కన్ను పక్కకు జరిగితే గీతలు గురి మీద జరిగినట్టు కనిపిస్తాయి. దాన్నే పారలాక్స్ అంటారు. 40 మి.మీ. అద్దం ఉండి 100 గజాలకు సర్దిన స్కోపులో, 200 గజాల దగ్గర ఈ తప్పు ఎక్కువలో ఎక్కువ 20 మి.మీ.; 300 గజాల దగ్గర 40 మి.మీ., అంటే అంగుళంన్నర పైచిలుకు. అదీ కన్ను పూర్తిగా అంచుకు పోయినప్పుడే. చెంప ఒకేచోట ఆనితే ఇందులో చాలా భాగం మాయమవుతుంది.

నిలువు గీత: భయం ఎక్కువ, తప్పు తక్కువ

స్కోపు బిగించేవాళ్లు ఎక్కువ సమయం పెట్టేది నిలువు గీత నిటారుగా ఉందా లేదా అన్నదాని మీదే. రెండు తప్పులను వేరుచేసి చూస్తే ఎంత బెంగ అవసరమో తెలుస్తుంది.

మొదటిది, స్కోపే రైఫిల్ మీద కాస్త తిరిగి కూర్చోవడం. గీత 3 డిగ్రీలు వంకరగా ఉందనుకుందాం. పేల్చేటప్పుడు మీరు గీతను నిటారుగా పట్టుకుంటే, రైఫిల్ గొట్టం స్కోపు కింద సూటిగా కాక కొద్దిగా పక్కన ఉంటుంది. ఎంత పక్కన? ఒకటిన్నర అంగుళాల ఎత్తుకు 0.08 అంగుళం, అంటే 2 మి.మీ. జింకకు ఇది లెక్కలోకి రాదు.

రెండోది, బిగింపు బాగానే ఉన్నా పేల్చేటప్పుడు రైఫిల్‌ను ఒక పక్కకు వంచి పట్టుకోవడం. 200 గజాలకు గురి కుదిర్చిన .308ను 5 డిగ్రీలు వంచితే 300 గజాల దగ్గర తూటా సుమారు 1.4 అంగుళాలు పక్కకు పోతుంది. 10 డిగ్రీలు వంచితే దాదాపు 3 అంగుళాలు. మొదటి దానికన్నా ఇది చాలా పెద్ద తప్పు.

అంటే గీత రైఫిల్‌కు ఎంత సూటిగా ఉందన్నదానికన్నా, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు భూమికి నిటారుగా ఉందా అన్నదే ముఖ్యం. కాబట్టి దూరంగా మేస్త్రీలు వాడే గుండుదారం వేలాడదీయండి. రైఫిల్‌ను స్టాండులో పెట్టి, పైన రసమట్టం ఉంచి బుడగ నడిమికి తీసుకురండి. స్కోపులోంచి చూస్తూ నిలువు గీత దారంతో కలిసిపోయే దాకా స్కోపును తిప్పండి. పది నిమిషాల పని. అర డిగ్రీ కోసం సాయంత్రమంతా పోగొట్టుకోనక్కర్లేదు.

18 ఇంచ్-పౌండ్లు అంటే ఎంత?

రింగు మూతల స్క్రూలకు చాలామంది తయారీదారులు చెప్పే బిగింపు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, అంటే సుమారు 2 న్యూటన్ మీటర్లు. ఎల్ ఆకారపు తాళంచెవిని 2 అంగుళాల దూరాన పట్టుకుంటే, 18 ఇంచ్-పౌండ్లకు అక్కడ 9 పౌండ్ల నొక్కుడు చాలు, నాలుగు కిలోలు. రెండు వేళ్ల పని. అదే తాళంచెవి పొడుగు వైపు పట్టుకుని అరచేత్తో తోస్తే బిగింపు ఇట్టే రెట్టింపు దాటుతుంది. ఎంత బిగించామో చేతికి తెలియదు. పల్చటి అల్యూమినియం గొట్టానికి తెలుస్తుంది. నొక్కుకుపోయి లోపల గీతలను కదిలించే భాగాలు పట్టేస్తాయి. ఆ తర్వాత నాబ్ తిప్పితే గురి ఒక్కోసారి కదులుతుంది, ఒక్కోసారి కదలదు. స్కోపు చెడిపోయిందని తిరిగి పంపేవారు ఒకసారి గొట్టం మీద రింగు పడిన చోట నొక్కులు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఈ అంకెలు పొడి స్క్రూలకు చెప్పినవి. మరలకు నూనె గానీ థ్రెడ్‌లాకర్ గానీ తగిలితే రాపిడి తగ్గి, అదే అంకె మీద స్క్రూ ఎక్కువ నొక్కుతుంది. అందుకే తయారీదారు కోరితే తప్ప రింగు మూతలకు థ్రెడ్‌లాకర్ వద్దు.

బిగించే వరస కూడా ముఖ్యమే. ఒక్కో రింగు మూతకు మామూలుగా నాలుగు స్క్రూలు. ముందు అన్నిటినీ వేళ్లతో తగిలించి, ఒక మూల నుంచి ఎదురు మూలకు, కొంచెం కొంచెంగా, రెండు రింగుల మధ్య మారుతూ బిగించాలి. మూతకూ అడుగు ముక్కకూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్కనే ముందు బిగిస్తే ఆ పక్కకు స్కోపు తిరుగుతుంది. గుండుదారంతో సరిచూసిన శ్రమంతా వృథా.

మొదటి గురి 25 గజాలకే

కొత్తగా బిగించిన స్కోపుతో నేరుగా 100 గజాలకు పేలిస్తే తూటా కాగితం మీద పడకపోవచ్చు. ఎక్కడ పడిందో తెలియకపోతే ఎటు తిప్పాలో తెలియదు. అందుకే ముందు బోల్ట్ తీసేసి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, వెనక నుంచి గొట్టంలోకి చూడాలి. 25 గజాల్లో ఉన్న గురి చుక్క ఆ గుండ్రటి వెలుతురు నడుమకు రావాలి. రైఫిల్ కదలకుండా స్కోపు నాబ్‌లు తిప్పి గీతలను అదే చుక్క మీదికి తేవాలి. తూటా ఖర్చు లేకుండా గొట్టం చూపూ స్కోపు చూపూ కలిశాయి.

స్కోపు నాబ్ ఒక్కో క్లిక్కు ఎంత కదులుతుందో దాని మీదే రాసి ఉంటుంది. అమెరికా వేట స్కోపుల్లో మామూలుగా పావు ఎంఓఏ. ఒక డిగ్రీలో 60వ వంతు ఒక ఎంఓఏ. 100 గజాల దగ్గర అది 1.047 అంగుళం. వేటకు దాన్ని అంగుళమనే అనుకోవచ్చు. కాబట్టి తూటాను ఒక అంగుళం కదపడానికి 100 గజాల దగ్గర 4 క్లిక్కులు, 50 గజాల దగ్గర 8, 25 గజాల దగ్గర 16. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 25 గజాల్లో రెండంగుళాల తప్పుకు 8 క్లిక్కులు తిప్పి, తూటా అర అంగుళమే కదిలిందని కంగారుపడతారు. కావలసినవి 32. మిల్ కొలతల స్కోపులో ఒక క్లిక్కు 0.1 మిల్, 100 గజాల దగ్గర 0.36 అంగుళం, రెండు లెక్కలను కలపకూడదు.

25 గజాల దగ్గర సరిగ్గా నడిమిన పడేలా చేస్తే, .308 తూటా 100 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలు పైన పడుతుంది. స్కోపు రైఫిల్ గొట్టానికి పైన ఉంది కాబట్టి తూటా కింది నుంచి పైకి ఎక్కుతూ చూపు గీతను దాటుతుంది. ఎలాగూ కాగితం మీదే పడుతుంది, ఇప్పటికి అది చాలు.

100 గజాలు: ఒక్క తూటాను నమ్మవద్దు

మంచి రైఫిల్ కూడా అన్ని తూటాలనూ ఒకే రంధ్రంలో వేయదు. మూడు తూటాల గుంపు సగటున ఒకటిన్నర అంగుళాలు వచ్చే రైఫిల్‌ను తీసుకోండి. వేటకు అది మంచి రైఫిలే. దాని చెదురును గణాంకాల్లోకి మారిస్తే, ఒక్క తూటా పడిన చోటును నమ్మితే అసలు నడిమి నుంచి మామూలుగా 0.6 అంగుళం దాకా తప్పు ఉంటుంది. మూడు తూటాల నడిమిని తీసుకుంటే తప్పు 0.36కు, ఐదింటికి 0.28కి దిగుతుంది. ఒక్క క్లిక్కు విలువ 0.26 అంగుళం. ఒక్కో తూటా చూసి నాబ్ తిప్పేవాడు రెండు క్లిక్కుల తప్పును వెంటాడుతూ పెట్టెడు తూటాలు తగలబెడతాడు.

గురి కాగితం దగ్గరికి వెళ్లి చూద్దాం. మూడు రంధ్రాలు. ఒకదానికొకటి అంగుళంన్నర లోపే ఉన్నాయి. వాటి నడిమి, గురిపెట్టిన చుక్కకు మూడున్నర అంగుళాలు కింద, రెండంగుళాలు కుడిన. పైకి 14 క్లిక్కులు, ఎడమకు 8. నాబ్ మీద "పైకి" అని ఉన్న బాణం తూటా పడే చోటును పైకి కదుపుతుంది; గీతలను కాదు. తిప్పాక గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడే దాకా ఆగి, మరో మూడు. గుంపు నడిమిన పడితే ఇంకో మూడు పేల్చి రూఢి చేసుకోవాలి.

20 తూటాల పెట్టె ఒకటి మొత్తం పనికి సరిపోతుంది. 25 గజాలకు మూడు, 100 గజాలకు తొమ్మిది, 200 గజాలకు మూడు, కలిపి 15. మిగిలిన ఐదూ అడవికి. వేటకు వాడబోయే తూటాతోనే గురి కుదర్చాలి. బరువు మారినా, తయారీదారు మారినా పడే చోటు మారుతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పేల్చిన పోటీలో అసలు స్కోపే ఉండదు. చిన్న రంధ్రంలోంచి చూసే గురిపట్టీలు మాత్రమే. అక్కడ పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. అంత చిన్న చుక్క మీద గురి కుదిరేది అద్దాల వల్ల కాదు, ప్రతిసారీ ఒకేలా నిలబడటం, ఒకేలా చెంప ఆనించడం వల్ల. స్కోపు ఆ పని మీ బదులు చేయదు.

జీరో 100కా, 200కా?

తూటా పడే చోటూ గీతలూ కలిసే దూరాన్ని జీరో అంటారు. 150 గ్రెయిన్ల .308ను 100 గజాలకు జీరో చేస్తే, 200 గజాల దగ్గర తూటా సుమారు 4 అంగుళాలు, 300 దగ్గర సుమారు 15 అంగుళాలు కిందపడుతుంది. 200 గజాలకు జీరో చేస్తే 100 దగ్గర 2 అంగుళాలు పైన, 250 దగ్గర మూడున్నర అంగుళాలు కింద, 300 దగ్గర 9 అంగుళాలు కింద.

8 అంగుళాల వృత్తానికి 4 అంగుళాల వెసులుబాటు గుర్తుంది కదా. 200 గజాల జీరోతో, దూరం కొలిచే తీరిక లేకపోయినా, 250 గజాల దాకా నడిమికే గురిపెట్టవచ్చు. 100 గజాల జీరోతో ఆ వీలు 200 దగ్గరే అయిపోతుంది. దట్టమైన అడవిలో 80 గజాలకు మించి కనిపించని చోట వేటాడేవారికి 100 చాలు. విశాలమైన పొలాల అంచున కూర్చునేవారికి 200 మేలు. 200 గజాల రేంజి దొరక్కపోతే 100 గజాల దగ్గర 2 అంగుళాలు పైన పడేలా సర్దుకోవచ్చు. కానీ అది అంచనాయే, వీలైనప్పుడు 200 దగ్గర పేల్చి చూసుకోవాలి.

మనవాళ్లు తెలుసుకోవలసిన చట్టం

అమెరికాలో ఉన్న తెలుగువారిలో చాలామంది హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవారే. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసాదారులు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్‌కు స్కోపు బిగించబోయే ముందు ఈ సంగతి న్యాయవాదిని అడిగి రూఢి చేసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటకు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి.

మన దేశంలో ఈ మాటే వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు జింక. పంటలు పాడుచేసే అడవిపందుల విషయంలో కూడా అధికారుల అనుమతి లేకుండా తుపాకీ ఎత్తకూడదు. ఈ కథనంలోని లెక్కలు ఇక్కడి అడవుల కోసం కాదు.

చివరిగా కొన్ని మాటలు. స్కోపు కోసం దాచిన డబ్బులో కొంత టార్క్ రెంచికి, ఒక పెట్టె తూటాలకు మిగల్చండి. ఇంకాస్త మంచి అద్దాలకన్నా అవి ఎక్కువ జింకలను యాతన నుంచి కాపాడతాయి. విమానంలోనో ట్రక్కులోనో రైఫిల్ ప్రయాణం చేసిన ప్రతిసారీ, ఏటా సీజన్ మొదలయ్యే ముందూ, మూడు తూటాలు పేల్చి జీరో చూసుకోండి. అలాగే ఇసుక సంచులు లేకుండా, అడవిలో కూర్చునే తీరులోనే కూర్చుని, 8 అంగుళాల కాగితం పళ్లెం మీద వేసిన ప్రతి తూటా తగిలే గరిష్ఠ దూరం ఎంతో కనుక్కోండి. స్కోపు డబ్బా మీద ఏం రాసి ఉన్నా మీ హద్దు అదే. ఆ దూరం దాటి నిలబడిన జింకను పోనివ్వండి.